వాడిన వాకీటాకీని ఫైర్ సిబ్బంది చేతికిచ్చే ముందు: ఔషధ, రసాయన పరిశ్రమల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఔషధ, రసాయన కర్మాగారాల యాజమాన్యాలకు, భద్రతాధికారులకు, కొనుగోలు విభాగాల అధిపతులకు, కర్మాగారాల శాఖ, అగ్నిమాపక శాఖల అధికారులకు,

నమస్కారం.

పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం, జీడిమెట్ల వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో మీరు నడుపుతున్న, పర్యవేక్షిస్తున్న కర్మాగారాలు వేలాది కుటుంబాలకు బతుకుదెరువు. ఆ మేలును మరిచి ఈ లేఖ రాయడం లేదు. ఒక రసాయన కర్మాగారంలో ఫైర్ సూపర్‌వైజరుగా పనిచేసి విరమించినవాడిగా, ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్న కాంట్రాక్టు సిబ్బంది కోరిక మీద, ఒకే ఒక్క వస్తువు గురించి రాస్తున్నాను. అది మంటలార్పే మనిషి భుజానికి తగిలించుకునే వాకీటాకీ, అందులోనూ వేరెవరో వాడి వదిలేసినదాన్ని చవకగా తెచ్చి ఇచ్చిన వాకీటాకీ.

మేము పనిచేసిన చోట గేటు సెక్యూరిటీకి, డిస్పాచ్ విభాగానికి కొత్త సెట్లు కొన్నప్పుడల్లా వారు వదిలిన పాతవి ఫైర్ స్టేషన్‌కు వచ్చేవి. అవి చాలనప్పుడు పాత సెట్లు అమ్మే వ్యాపారి దగ్గర ఒక లాటు తెప్పించేవారు. వాటిని ఎంపిక చేసేది కొనుగోలు విభాగం. వాటిని పట్టుకుని మంట దగ్గరికి వెళ్లవలసినవారిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడిగేవారు కాదు. ఒక మాక్ డ్రిల్‌లో ట్యాంక్ ఫామ్ (రసాయనాల నిల్వ ట్యాంకులుండే చోటు) దగ్గరున్న బృందానికి పంపుహౌస్ మాటలు వినిపించాయి గాని, బృందం మాట పంపుహౌస్‌కు చేరలేదు. ప్రెషర్ పెంచమని చెప్పడానికి ఒక కుర్రవాడు బీఏ సెట్టు (వీపున మోసే గాలి సిలిండరు, మాస్కు) బరువుతోనే పరుగెత్తవలసి వచ్చింది. డ్రిల్ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఈ సంగతిని మొదట నోటిమాటగా, తర్వాత రాతపూర్వకంగా, ఆపై సేఫ్టీ కమిటీ ముందు పెట్టాం. చూస్తామన్నారు, అంతకు మించి జవాబు రాలేదు. ఇతర కర్మాగారాల్లో పనిచేసే మిత్రులు కూడా ఇలాంటి అనుభవాలే చెబుతున్నందున, ఒక్క సంస్థను వేలెత్తి చూపడం కంటే అందరి ముందూ విషయం పెట్టడమే సబబని భావించి ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. వాడిన సెట్లు కొనవద్దని నేను కోరడం లేదు. మంచి కంపెనీ తయారుచేసిన, సరైన అనుమతులున్న, సరిగా పరీక్షించిన పాత సెట్టు, ఊరూపేరూ లేని కొత్త సెట్టు కంటే ఎన్నో రెట్లు నమ్మదగినది. చిన్న కర్మాగారాలకు కొత్తవన్నీ ఒకేసారి కొనడం భారమేనని కూడా తెలుసు. అయితే గేటు దగ్గర లారీ నంబరు చెప్పడానికి సరిపోయే సెట్టు, సాల్వెంట్ (రసాయనాలను కరిగించడానికి వాడే ద్రవం) ఆవిరిలో మనిషి ప్రాణానికి పూచీ పడే సెట్టు ఒకటి కావు. ఎంపికలో ఈ తేడా పాటించడం లేదన్నదే మా ఫిర్యాదు.

మా సిబ్బంది ఎలాంటి చోటికి వెళ్తారో గుర్తుచేయడానికి రెండు ఘటనలు చాలు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా కర్మాగారంలో సాల్వెంట్ ఆవిరి పేలి 17 మంది మరణించారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో, సెల్యులోజ్ పొడి తయారయ్యే చోట జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలిగొంది. ఈ ప్రమాదాలకు వాకీటాకీలతో సంబంధం ఉందని నేను అనడం లేదు. కంటికి కనిపించని ఆవిరిలోకి, గాలిలో తేలే పొడిలోకి మావాళ్లు బ్యాటరీతో నడిచే ఒక పరికరాన్ని పట్టుకుని వెళ్తారన్నదే నేను చెప్పదలచినది. అందుచేత సెట్టు ఎంపికలో చూడవలసిన విషయాలను, చూడకపోతే సామాన్య కార్మికుడికి వాటిల్లే నష్టాన్ని కింద వివరిస్తున్నాను.

1. మొట్టమొదట చూడవలసినది సెట్టు తానే నిప్పు పుట్టించకుండా ఉండడం. చాలా సాల్వెంట్ల ఆవిరి గాలితో తగిన పాళ్లలో కలిసినప్పుడు, దాన్ని అంటించడానికి మిల్లీజౌల్‌లో దాదాపు నాలుగో వంతు శక్తి ఉన్న నిప్పురవ్వ చాలు. హైడ్రోజన్‌కు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. టోలీన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే, మిథనాల్ 11 డిగ్రీల దగ్గరే మండగల ఆవిరిని వదులుతాయి కాబట్టి, మన ఎండల్లో ఇవి కారిన చోటల్లా ప్రమాదమే. ఇలాంటి చోట వాడే సెట్టు, లోపల లోపం తలెత్తినా నిప్పురవ్వగాని, మితిమీరిన వేడిగాని పుట్టనంత తక్కువ శక్తితో పనిచేసేలా తయారై, ఆ మేరకు ధ్రువీకరణ పొంది ఉండాలి. ఆ ధ్రువీకరణ సెట్టు వెనుక లేబుల్ మీద ‘ఎక్స్’ గుర్తుతో, దాని పక్కన ‘ఐబీ’, ‘ఐఐసీ’, ‘టీ4’ వంటి సంకేతాలతో ఉంటుంది. ‘ఐబీ’ అంటే ఈ తక్కువ శక్తి రక్షణలో ఒక స్థాయి అని, ‘ఐఐసీ’ అంటే హైడ్రోజన్ వాడే హైడ్రోజనేషన్ బ్లాకులోకి కూడా తీసుకువెళ్లవచ్చని, ‘టీ4’ అంటే సెట్టు ఉపరితలం 135 డిగ్రీలు దాటి వేడెక్కదని అర్థం. మండే పొడి గాలిలో తేలే చోటికి ‘ఐఐఐ’తో మొదలయ్యే వేరే గుర్తు ఉండాలి. ఆవిరికి మాత్రమే ధ్రువీకరించిన సెట్టును పొడి తయారయ్యే బ్లాకులోకి పంపడం తప్పు.

ఇక్కడే వాడిన సెట్ల విషయంలో అసలు చిక్కు వస్తుంది. ధ్రువీకరణ ఒక్క సెట్టుకు కాదు, ఆ సెట్టు, దానికి నిర్దేశించిన బ్యాటరీ, మైకు మొదలైనవన్నీ కలిసిన జతకు వర్తిస్తుంది. చాలా మోడళ్లలో సాధారణ బ్యాటరీ కూడా అదే సెట్టుకు చక్కగా అమరుతుంది. పాత యజమాని అసలు బ్యాటరీ పాడయ్యాక మార్కెట్లో దొరికే చవక బ్యాటరీ బిగించి ఉంటే, లేబుల్ మీద గుర్తు అలాగే ఉంటుంది, రక్షణ మాత్రం ఉండదు. అనుమతి లేని మెకానిక్ ఒకసారి మూత విప్పి టంకం పెట్టినా, పెట్టె పగిలినా, లేబుల్ చెరిగిపోయినా ఆ సెట్టును ధ్రువీకరించినదిగా లెక్కించకూడదు. విదేశాల నుంచి వచ్చిన పాత సెట్ల మీద అమెరికా వర్గీకరణ ప్రకారం వేసిన గుర్తులు ఉండవచ్చు. అవి మనం పాటించే జోన్ విధానానికి (మండే ఆవిరి, పొడి ఎంత తరచుగా ఉంటాయో బట్టి ప్రాంతాలను విభజించే పద్ధతికి) నేరుగా సరితూగవు. మన దేశంలో పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, అంటే పెసో, ఆమోదం వర్తించే చోట దాని పత్రం కూడా అడగాలి.

ధ్రువీకరించిన సెట్లలో చాలావాటి ప్రసార శక్తి ఒక వాట్‌కే పరిమితమై ఉంటుందని కూడా కొనేవారు తెలుసుకోవాలి. నాలుగైదు వాట్ల సాధారణ సెట్లతో అందిన చోట్లన్నిటికీ ఒక వాట్ సెట్టు అందకపోవచ్చు. అందువల్ల సెట్లు మార్చినప్పుడు రిపీటర్ (ఒక సెట్టు సంకేతాన్ని అందుకుని బలంగా తిరిగి ప్రసారం చేసే పరికరం) ఉన్న స్థలాన్ని, యాంటెన్నా ఎత్తును కూడా మళ్లీ చూసుకోవాలి. ఈ ఖర్చును తప్పించుకోవడానికే కొన్నిచోట్ల సాధారణ సెట్లను కొనసాగిస్తున్నారు. పర్యవసానం ఏమిటంటే, ట్యాంకు కారుతున్న చోటికి పరుగెత్తే కార్మికుడు బటన్ నొక్కడానికి భయపడాలి, లేదా భయం తెలియక నొక్కాలి.

2. బ్యాటరీ గురించి. పాత సెట్టు పైకి ఎంత బాగున్నా బ్యాటరీని పాతదిగానే చూడాలి. కంపెనీలు చెప్పే ‘ఇన్ని గంటలు’ అన్న లెక్క, సమయంలో నూటికి 5 వంతులు మాట్లాడి, 5 వంతులు విని, మిగతా 90 వంతులు ఊరికే ఉంచితే వచ్చేది. మంట దగ్గర మాట్లాడడం అంతకంటే చాలా ఎక్కువ. రాత్రి షిఫ్టు చివర్లో, తెల్లవారుజామున జరిగే ప్రమాదంలో ఛార్జి పావు వంతుకు పడిపోయిన బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ఊహించండి. బ్యాటరీ అనలైజరు మీద పూర్తిగా ఛార్జి చేసి, ఖాళీ చేసి చూసినప్పుడు అసలు సామర్థ్యంలో 80 శాతం కంటే తక్కువ చూపే బ్యాటరీని ఫైర్ సిబ్బందికి ఇవ్వకూడదు. నా అభిప్రాయంలో వాడిన సెట్టు కొన్నప్పుడు బ్యాటరీలు మాత్రం ఎప్పుడూ తయారీదారు అమ్మే కొత్తవే కొనాలి, ఆ ధరను కూడా కలిపే ‘చవక’ అవునో కాదో తేల్చాలి. బ్యాటరీ మార్చడం, ఛార్జి చేయడం ప్రమాదకర ప్రాంతం బయట మాత్రమే జరగాలి. అందుకు ప్రతి సెట్టుకూ అదనపు బ్యాటరీ ఒకటి స్టేషన్లో సిద్ధంగా ఉండాలి.

3. ఫ్రీక్వెన్సీ, లైసెన్సు. పాత సెట్ల లాటులో పైకి ఒకేలా కనిపించే సెట్లు వేర్వేరు బ్యాండ్లవి, అంటే వేర్వేరు ఫ్రీక్వెన్సీ శ్రేణులవి, కావచ్చు. ఒకటి 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే వీహెచ్‌ఎఫ్ సెట్టు, మరొకటి 403 నుంచి 470 వరకు పనిచేసే యూహెచ్‌ఎఫ్ సెట్టు, ఇంకొకటి 450 నుంచి పైకి మాత్రమే వెళ్లేది. విదేశాల్లో పోలీసు, ఫైర్ శాఖలు వదిలిన 800 మెగాహెర్ట్జ్ సెట్లు చూడడానికి ఎంత దృఢంగా ఉన్నా మన కర్మాగారంలో దేనికీ పనికిరావు. మీ సంస్థకు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం కేటాయించిన ఫ్రీక్వెన్సీ ఏదో ముందు చూసుకుని, ఆ బ్యాండులో పనిచేసే సెట్టునే అడగాలి. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018లో అనుమతించిన 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ సెట్ల శక్తి అర వాట్‌కే పరిమితం. అవి ఇనుప నిర్మాణాల మధ్య ఫైర్ సిబ్బందికి సరిపోవు. అనుమతులు లేని వాకీటాకీలు ఆన్‌లైన్‌లో విచ్చలవిడిగా అమ్ముడవుతున్నందువల్లే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటి అమ్మకంపై మార్గదర్శకాలు విడుదల చేయవలసి వచ్చిందని మరువరాదు. అనుమతి లేని సెట్టు పట్టుబడితే చిక్కుల్లో పడేది దాన్ని చేతిలో పట్టుకున్న కాంట్రాక్టు కార్మికుడే.

4. అనలాగా, డిజిటలా, రిపీటరా, నేరుగానా అన్న ప్రశ్న. ఈ విషయాన్ని కొంచెం విస్తరించి రాయక తప్పదు, ఎందుకంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. డీఎంఆర్ అనే ప్రమాణం ప్రకారం మాటను అంకెలుగా మార్చి పంపే డిజిటల్ సెట్లు 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లోనే రెండు సంభాషణలకు చోటిస్తాయి, దూరంలో కూడా మాట స్పష్టంగా ఉంటుంది. అయితే అనలాగ్ సంకేతం బలహీనపడినప్పుడు గరగరలో సగం మాటైనా చెవిన పడుతుంది, డిజిటల్‌లో మాట ముక్కలై ఒక్కసారిగా ఆగిపోతుంది. పైగా డిజిటల్ సెట్టు మాటను గుర్తించి కుదించి పంపుతుంది కాబట్టి, పంపు మోత, బీఏ సెట్టు విజిల్, అలారం మోతల మధ్య మనిషి మాటను సరిగా పట్టుకోలేకపోవచ్చు. ఈ ఇబ్బందిని 2008లోనే అంతర్జాతీయ ఫైర్ చీఫ్‌ల సంఘం పరిశీలించి, హెచ్చరికలు, సూచనలు వెలువరించింది. తర్వాత వచ్చిన మోడళ్లలో శబ్దాన్ని అణిచే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. వాడిన సెట్ల మార్కెట్లో దొరికేవి తరచుగా తొలి తరం డిజిటల్ సెట్లే గనుక, పంపు నడుస్తుండగా మాస్కు తొడుక్కుని మాట్లాడించి విన్న తర్వాతే కొనాలి.

రిపీటర్ మీద పూర్తిగా ఆధారపడడం మరో ప్రమాదం. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో, 1993 బాంబు దాడి తర్వాత ప్రత్యేకంగా అమర్చిన రిపీటర్ ఉన్నా దాన్ని పూర్తిగా ఆన్ చేయలేదు. ఉత్తర టవర్‌లోని అధికారులు అది పనిచేయడం లేదనుకుని వేరే ఛానల్‌కు మారారు. వెనక్కి రమ్మన్న ఆదేశం చాలామంది ఫైర్ సిబ్బందికి వినబడలేదు. ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. మన కర్మాగారాల్లో ప్రమాదం జరగగానే మొదట చేసే పని కరెంటు తీయడం. రిపీటర్‌కు బ్యాటరీ బ్యాకప్ లేకపోతే అదే క్షణంలో అన్ని సెట్లూ మూగబోతాయి. కాబట్టి ప్రతి సెట్టులో రిపీటర్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడుకునే ఛానల్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. అది అందరి సెట్లలో ఒకే నాబ్ స్థానంలో, ఒకే టోన్‌తో (మాటతో పాటు పంపే గుర్తింపు సంకేతం, అది కలిస్తేనే అవతలి సెట్టు మాట వినిపిస్తుంది) ఉండాలి. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన పాత సెట్లలో టోన్ తేడాల వల్ల ఒకరి మాట ఇంకొకరికి వినబడకపోవడం సర్వసాధారణం. మా డ్రిల్‌లో జరిగినదీ అదేనని తర్వాత తేలింది.

5. గ్లౌజు తొడిగిన చేతికి, మాస్కు తొడిగిన నోటికి అనువుగా ఉండాలి. చిన్న బటన్లు, స్క్రీను మీద మెనూలు ఉన్న సెట్టు ఆఫీసులో ముచ్చటగా ఉంటుంది, తోలు గ్లౌజుతో దాన్ని నడపలేము. పైన పెద్ద ఛానల్ నాబ్, పక్కన గట్టి మాట్లాడే బటన్, వేరుగా తెలిసే నారింజరంగు అత్యవసర బటన్, పొగలో స్క్రీను కనిపించనప్పుడు ఛానల్ పేరు పలికే సదుపాయం ఉండాలి. వాడిన సెట్లలో ముందు అరిగేవి ఇవే. నాబ్ వదులై తనంతట తాను తిరిగితే, మనిషి ఒక ఛానల్‌లో ఉన్నానని అనుకుంటూ వేరే ఛానల్‌లో అరుస్తుంటాడు. బీఏ సెట్టులో గాలి పీడనం 55 బార్ పరిసరాలకు పడిపోగానే విజిల్ మోగుతుంది. ఆ మోతలో ‘బయటికి వస్తున్నాను’ అన్న రెండు మాటలు పంపుహౌస్‌కు చేరాలి. మా బృందాల్లో ఉత్తరాంధ్ర వారితో పాటు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు ఉంటారు. తెలుగు, హిందీ కలిసిన ఆ తొందర మాటలు అర్థం కావాలంటే స్పీకరు, మైకు రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోకుండా ఉండడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

6. వేడి, నీరు, ఉప్పుగాలి. అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ (నిస్ట్) జరిపిన పరీక్షల్లో, 160 డిగ్రీల సెల్సియస్ వేడికి నేరుగా గురైన చేతి రేడియోలు 15 నిమిషాలలోపే సరిగా పనిచేయలేక పోయాయి. కొత్త సెట్లకే ఆ పరిస్థితి అయితే పాతవాటి మాట చెప్పనక్కర్లేదు. సెట్టును కోటు లోపలి జేబులో ఉంచి, మైకును మాత్రం బయటికి తేవడం మేలు. అందుకు తగిన తీగ మైకు కూడా సెట్టుతో పాటే కొనాలి, దానికీ ధ్రువీకరణ ఉండాలి. ఐపీ67 అంటే ఒక మీటరు నీటిలో అరగంట మునిగినా చెడదని అర్థం, కాని ఆ మాట కొత్త సెట్టుకే వర్తిస్తుంది. రబ్బరు సీళ్లు గట్టిపడిపోయిన సెట్టు, హోస్ జల్లు పడ్డ మొదటి నిమిషంలోనే ఆగిపోవచ్చు. పరవాడ, అచ్యుతాపురం వంటి సముద్రతీర ప్రాంతాల్లో మైకు కనెక్టరు, ఛార్జరు పిన్నులు పచ్చగా చిలుము పట్టడం అందరూ చూసిందే. సీళ్లు మార్చి, గాలి లీకు పరీక్ష చేయించిన రసీదు లేకుండా పాత సెట్టును నీటికి తట్టుకునేదిగా ఎవరూ లెక్కించకూడదు.

7. ‘హలో, వినబడుతోందా’ అని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే పరీక్ష పరీక్ష కాదు. పది అడుగుల దూరంలో ఎంత చెడిపోయిన సెట్టయినా పనిచేస్తుంది. సర్వీస్ మానిటర్ అనే కొలత పరికరం మీద ప్రతి సెట్టుకూ విడివిడిగా ప్రసార శక్తి, ఫ్రీక్వెన్సీ తేడా, డీవియేషన్ (మాట్లాడినప్పుడు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర), గ్రాహక శక్తి కొలిచి కాగితం మీద రాయించాలి. ఉదాహరణకు 450 మెగాహెర్ట్జ్ దగ్గర 2.5 పీపీఎం (పది లక్షల్లో 2.5 వంతులు) తేడా అంటే 1,125 హెర్ట్జ్. ఇరుకైన 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో అంతకు మించి పక్కకు జరిగిన సెట్టు మాట వంకర పోతుంది. ఆ ఛానల్‌లో డీవియేషన్ 2.5 కిలోహెర్ట్జ్ దాటకూడదు. తర్వాత కర్మాగారంలోనే నడిచి చూడాలి. ట్యాంక్ ఫామ్ వెనుక, రియాక్టర్ బ్లాకు కింది అంతస్తు, కేబుల్ సొరంగం, బాయిలర్ వెనుక భాగం, ఇలా సంకేతం అందని చోట్లను గుర్తించి పటం గీసి స్టేషన్ గోడకు పెట్టాలి. ఈ పనికి ఒక పూట చాలు.

8. అమ్మినవారు ఎవరో తెలియాలి. దొంగిలించిన సెట్లను పాత యజమాని దూరం నుంచే పనిచేయకుండా చేయగలడు. పాస్‌వర్డుతో తాళం వేసిన సెట్టును మళ్లీ ప్రోగ్రాం చేయలేము. మునుపటి సంస్థ ఫ్రీక్వెన్సీలు చెరపకుండా ఇస్తే మన మనిషి ఇతరుల ఛానల్‌లో ప్రసారం చేసినవాడవుతాడు. తయారీదారు విడిభాగాలు, ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేరు ఆపేసిన మోడలైతే రెండేళ్లలో మూలన పడుతుంది.

9. ఊరి ఫైరింజను వచ్చినప్పుడు. ప్రభుత్వ అగ్నిమాపక సిబ్బంది సెట్లు వారి సొంత ఛానళ్లలో ఉంటాయి, మా సెట్లు మా ఛానళ్లలో ఉంటాయి. ఏ ట్యాంకులో ఏముంది, ఏ వాల్వు మూశాం, లోపల ఎంతమంది ఉన్నారు అన్నవి తెలిసినవాడు కర్మాగారం మనిషి, నీళ్లు, నురుగు తెచ్చినవాడు బయటి మనిషి. వీరిద్దరూ పరస్పరం మాట్లాడుకోలేక గేటు దగ్గర కాగితం మీద రాసి పంపించుకోవడం నేను కళ్లారా చూశాను. లైసెన్సు షరతులకు లోబడి, కర్మాగారం ప్రాంగణం వరకు వాడుకునేలా రెండు సెట్లను గేటు దగ్గరే వచ్చిన అధికారి చేతికి ఇస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

వీటన్నిటికీ తోడు మరో కష్టం ఉంది. సెట్టు పోయినా, పగిలినా దాని ధర జీతంలో కోస్తారన్న భయంతో చాలామంది కాంట్రాక్టు కార్మికులు దాన్ని లాకర్‌లో పెట్టి, చేతులు ఊపి, ఈల వేసి పని జరుపుకుంటున్నారు. నెల జీతంతో ఇల్లు గడిపే మనిషికి ఆ కోత అంటే పిల్లల ఫీజు, అమ్మ మందులు. అలాంటివాడిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. పరికరం వాడమని ఇచ్చి, వాడినందుకు శిక్షిస్తామంటే అది లేనట్టే లెక్క.

ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతులపై 1989లో కేంద్రం తెచ్చిన నిబంధనలు, వాటి పరిధిలోకి వచ్చే కర్మాగారాలు ప్రాంగణ అత్యవసర ప్రణాళిక సిద్ధం చేసుకోవాలని, ఆరు నెలలకొకసారి మాక్ డ్రిల్ జరపాలని చెబుతున్నాయి. ఆ ప్రణాళికల్లో ‘సమాచార వ్యవస్థ: వాకీటాకీలు’ అన్న వరుస ఒకటి దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఆ వరుస కింద ఉన్న సెట్లు ఎలాంటివో తనిఖీ చేసేవారు అడగాలి, సంస్థలు చూపాలి. అందుచేత ఈ కింది కోరికలను మీ ముందుంచుతున్నాము.

ఒకటి, ఫైర్ సిబ్బందికి వాడిన సెట్లు కొనే ప్రతి సందర్భంలోనూ ఎంపిక కమిటీలో ఫైర్ బృందం నుంచి ఒకరు, వీలైతే షిఫ్టులో పనిచేసే కాంట్రాక్టు మనిషి, సభ్యుడుగా ఉండాలి. ఆయన సంతకం లేకుండా బిల్లు చెల్లించకూడదు.

రెండు, ప్రమాదకర జోన్లలోకి వెళ్లే సిబ్బంది దగ్గరున్న ధ్రువీకరణ లేని సెట్లను, బ్యాటరీ జత కుదరని సెట్లను, లేబుల్ చెరిగిన సెట్లను వెంటనే వెనక్కి తీసుకోవాలి. వాటిని గేటుకు, ఆఫీసుకు ఇచ్చి, అక్కడ ఉన్న మంచివాటిని ఫైర్ స్టేషన్‌కు పంపాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

మూడు, ప్రతి సెట్టుకూ ఒక కార్డు ఉండాలి. దానిలో సీరియల్ నంబరు, ధ్రువీకరణ వివరం, బ్యాటరీ కొన్న తేదీ, సర్వీస్ మానిటర్ మీద చేసిన చివరి పరీక్ష ఫలితం, సీళ్లు మార్చిన తేదీ రాయాలి. ఏడాదికొకసారి పరీక్ష జరగాలి, ఆ కార్డును ఏ కార్మికుడు అడిగినా చూపాలి.

నాలుగు, ఆరు నెలల మాక్ డ్రిల్‌లో ఒకసారైనా కరెంటు తీసి, రిపీటర్ ఆపి, మాస్కులు తొడిగించి సెట్లను పరీక్షించాలి. అందని చోట్ల జాబితాను డ్రిల్ నివేదికకు జతచేయాలి.

ఐదు, విధి నిర్వహణలో పాడైన సెట్టు ధరను కార్మికుడి వేతనం నుంచి కోయడాన్ని ప్రధాన యాజమాన్యం రాతపూర్వకంగా నిషేధించాలి. కాంట్రాక్టరు ఒప్పందంలో ఆ షరతు చేర్చాలి.

ఆరు, కర్మాగారాల శాఖ, అగ్నిమాపక శాఖల అధికారులు తనిఖీ పట్టికలో ‘వాకీటాకీలు ఉన్నాయా’ అన్న ప్రశ్న స్థానంలో ‘జోన్‌కు తగినవా, పరీక్షించినవా, కార్డు ఉందా’ అన్న ప్రశ్నలు చేర్చాలి. కర్మాగారానికి వచ్చే ప్రభుత్వ అధికారికి గేటు దగ్గర సెట్లు అందించే పద్ధతిని ప్రాంగణం బయటి అత్యవసర ప్రణాళికలో పొందుపరచాలి.

వీటిలో రెండో కోరిక, ఐదో కోరిక ఒక్క ఉత్తర్వుతో నెరవేరేవి గనుక వాటిని ఈ నెలలోనే అమలు చేయమని అభ్యర్థిస్తున్నాము. మిగిలినవి వచ్చే అగ్నిమాపక వారోత్సవాల నాటికి, అంటే ఏప్రిల్ 14 లోపు పూర్తిచేయవచ్చు. ఏ యాజమాన్యమైనా కోరితే సెట్లను పరిశీలించి, నడిచి చూసి, పటం గీసి ఇవ్వడానికి నేనూ, నాతోపాటు విరమించిన కొందరు మిత్రులూ ఎలాంటి పారితోషికం లేకుండా రావడానికి సిద్ధంగా ఉన్నాము. మీ నిర్ణయాన్ని సేఫ్టీ కమిటీ సమావేశంలో చదివి వినిపించి, నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టమని కోరుతున్నాము.

ఇట్లు,
కాంట్రాక్టు అగ్నిమాపక సిబ్బంది తరఫున,
ఒక విశ్రాంత ఫైర్ సూపర్‌వైజరు,
అనకాపల్లి జిల్లా